బియ్యం గది తాళం

ఆయన పోయిన సంగతి నాకు వాట్సాప్‌లో తెలిసింది. మా తెలుగు చర్చి గ్రూపులో, ఈ ఆదివారం ఆరాధన రెండు గంటలకు కాదు రెండున్నరకు అన్న కబురుకీ, ఎవరో అమ్మకానికి పెట్టిన సోఫా ఫొటోకీ మధ్య వచ్చింది. అమెరికాకు ఆ చివరన బాతెల్‌లో కూతురి ఇంట్లో, నిద్రలోనే ప్రభువు దగ్గరికి వెళ్లిపోయారని పాస్టర్ గారు రాశారు. కింద దణ్ణం పెట్టే చేతుల బొమ్మలు బారులు తీరాయి. ఆ బారు మధ్యలోనే ఒకాయన, సోఫా ఇంకా ఉందా అని అడిగాడు.

ఆయనే చదివి ఉంటే నవ్వేవారు. కానీ ఆయనకు వాట్సాప్ లేదు. పెట్టుకోమని ఎంత పోరినా పెట్టుకోలేదు. నాలుగు వందల మంది ఒకేసారి ఒకే మాట వినే చోట తనకు పనిలేదనేవారు. కంగారు పుట్టడానికి అంతకంటే అనువైన చోటు ఇంకోటి లేదట.

ఆ సాయంత్రం నేను సేవ్ చేసుకోని నంబరు నుంచి నాకు విడిగా ఒక మెసేజ్ వచ్చింది. "అక్కా, ఆయన బియ్యం రూం అంకులేనా?" అని. అవునని రాశాను. రేపు ఒకసారి ఫోన్ చేయొచ్చా అని అడిగింది. ఆ ఫోన్ సంగతి తర్వాత చెబుతాను. ముందు ఆయన సంగతి.

ఆయన పేరు ఇక్కడ రాయను. గదికి వచ్చినవాళ్ల పేరు అడగకూడదన్నది ఆయన పెట్టిన నియమం. దాన్ని ఆయనకే వర్తింపజేస్తున్నాను, అంతే. మా చర్చిలో అందరూ ప్రొఫెసర్ గారు అనేవారు, విద్యార్థులు అంకుల్ అనేవారు. ఆదివారం నాడు టై కట్టుకుని, కాళ్లకు మాత్రం వాకింగ్ బూట్లు వేసుకుని వచ్చేవారు. ఎవరైనా ప్రార్థన చేయమంటే రెండే వాక్యాలు చేసి కూర్చునేవారు. మా దగ్గర ఒక్కొక్కరు ప్రార్థన మొదలుపెడితే పొయ్యి మీద పులిహోర తాలింపు మాడిపోయేంత సేపు చేస్తారు కాబట్టి, ఈ ఒక్క గుణానికే సగం చర్చి ఆయన్ని ప్రేమించింది.

నాకు ఆయనతో స్నేహం కుదరడానికి కారణం నా గుణగణాలు కావు, నా మినీవ్యాన్. ప్లెయిన్స్‌బరోలో మా అపార్ట్‌మెంట్లకూ ఆయన ఉండే అపార్ట్‌మెంట్లకూ మధ్య ఒక పార్కింగ్ లాటే అడ్డం. మా ఆయన ఆఫీసు పని మీద నెలలో సగం రోజులు ఊళ్లో ఉండడు. నాది ఫార్మా కంపెనీలో పని, శనివారం ఖాళీ. "అమ్మాయ్, నీ బండి పెద్దదీ, నీ నోరు ఇంకా పెద్దదీ. బస్తాలు మొయ్యడానికి బండి కావాలి, బేరానికి నోరు కావాలి. వస్తావా?" అని అడిగారు మొదటిసారి. వేరేవాళ్లయితే కడిగి పారేసేదాన్ని. ఆయన ముఖం చూస్తే నవ్వొచ్చింది. సరేనన్నాను.

బస్తాలంటే బియ్యం బస్తాలు. మా చర్చికి సొంత భవనం లేదు. ఒక అమెరికన్ చర్చిలో ఆదివారం మధ్యాహ్నం అద్దెకు ఆరాధన జరుపుకుంటాం. దాని బేస్‌మెంట్‌లో వాళ్లు మాకు వదిలేసిన చిన్న గది ఒకటుంది. అందులో ప్రొఫెసర్ గారు సోనా మసూరి బస్తాలు పెట్టించారు. మా కుటుంబాలు నెలకు ఒకటో రెండో బస్తాలు తెచ్చి వేస్తాయి. చుట్టుపక్కల ఎమ్మెస్ చదువుకునే పిల్లలు వచ్చి కావలసినంత తీసుకెళతారు. చర్చికి రావాలని లేదు, క్రైస్తవులే అయి ఉండాలని లేదు. పేరు రాయించుకోరు, ఫొటో తియ్యరు. వీసా ఏంటి, ఉద్యోగం దొరికిందా అని అడగడం ఆ గదిలో నిషేధం. ఆయన అడిగే ప్రశ్న ఒక్కటే. "ఏం కూర వండుకుంటావు?"

ఒకసారి మా చర్చి సెక్రటరీ గారు, ఎంతమంది వస్తున్నారో లెక్క ఉండాలి కదండీ, ఒక సైన్‌అప్ షీట్ పెడదామన్నాడు. సెక్రటరీ గారు చెడ్డవాడు కాదు. షీట్ లేకపోతే ఆయనకు నిద్రపట్టదు, అంతే. ప్రొఫెసర్ గారు ఒప్పుకోలేదు.

"అప్పు తెచ్చుకున్న ఫీజుతో చదువుకునే పిల్లకి, అన్నానికి కూడా చెయ్యి చాపానని కాగితం మీద రాసివ్వమంటారా? పేరు రాయాలంటే సగం మంది రారు. ఆకలేసినవాళ్లే రారు, మిగతావాళ్లు వస్తారు."

సెక్రటరీ గారు మొహం మాడ్చుకుని షీట్ మడిచి జేబులో పెట్టుకున్నాడు.

ప్రొఫెసర్ గారు అర్థశాస్త్రం చెప్పి రిటైరయ్యారు. బాపట్ల వైపు మనిషి. నేను ఎరిగిన పదేళ్లూ ఒక పుస్తకం రాస్తూనే ఉన్నారు. పసుపు పచ్చ కాగితాల ప్యాడ్ల మీద, పెన్సిల్‌తో, ఇంగ్లీషులో. ఎంతవరకు వచ్చిందని అడిగితే, "చివరి చాప్టర్ తప్ప అంతా అయిపోయింది" అనేవారు. పదేళ్లూ అదే జవాబు.

ఆ పుస్తకం ఒక మనిషి గురించి. ఆయన ఆ మనిషిని పేరుపెట్టి పిలవగా నేను వినలేదు, ఎప్పుడూ "మనవాడు" అనేవారు. వ్యాన్ ఎక్కి బెల్టు పెట్టుకుంటూనే "మనవాడు ఏం చేశాడో తెలుసా" అని మొదలు. నేను కొన్నాళ్లు ఎవరో చీరాలాయన అనుకున్నాను. తీరా చూస్తే యూరప్‌లో ఒక చిన్న దేశపాయన, రెండు ప్రపంచ యుద్ధాల మధ్య కాలపు మనిషి, పోయి ఎన్నో ఏళ్లయింది.

మనవాడు కూడా పంతులే. యూనివర్సిటీలో అర్థశాస్త్రం చెప్పుకుంటూ ఒక చిన్న పుస్తకం రాశాడు. దాని సారం ఇది. జనానికి భయం పుట్టి, దాచుకున్నది వెనక్కి తీసుకోవడానికి బ్యాంకుల మీద పడితే, దేశానికంతటికీ పెద్ద బ్యాంకు చేయాల్సింది ఒక్కటే. తలుపులు బార్లా తెరిచి అడిగినవాడికి అడిగినంత ఇవ్వాలి. ఇస్తారని తెలిశాక అడిగేవాడు ఉండడు. ప్రభుత్వం ఆ పుస్తకం చూసి ముచ్చటపడి, ఆయన్నే తీసుకెళ్లి పెద్ద బ్యాంకు కుర్చీలో కూర్చోబెట్టింది. మూడేళ్లు తిరక్కుండా భయం రానే వచ్చింది. మొదటిరోజు మనవాడు రాసినట్టే చేశాడు. రెండోరోజు ఖజానా తరిగిపోవడం కళ్లారా చూశాడు. మూడోరోజు, మిగిలిన బంగారాన్ని గుట్టుగా రైలెక్కించి వేరే ఊరికి పంపేసి, బ్యాంకులో డబ్బిచ్చే కిటికీలు మూయించాడు. పెట్టెలు మోసిన కూలీలు ఊరంతా చెప్పారు. ఇక చూస్కోండి. మొదటిరోజు రానివాళ్లు కూడా వచ్చి పడ్డారు.

"రాసిందేంట్రా, చేసిందేంట్రా?" అని మనవాణ్ణి పక్క సీట్లో కూర్చోబెట్టుకున్నట్టే తిట్టేవారు. "ఇచ్చుంటే నాలుగోరోజుకి క్యూ పల్చబడేది. ఒక్క రోజు ఆగలేకపోయాడమ్మా."

"అంత నమ్మకం ఏంటి అంకుల్, పల్చబడేదని?" అని నేను అడ్డం తగిలేదాన్ని.

"క్యూలో మొదటివాడికి అవసరం ఉంటుంది. చివరివాడికి ఉండేది భయమే. భయం, ఇస్తున్నారని తెలిస్తే ఇంటికి పోతుంది."

అందుకే ఇండియన్ స్టోర్‌లో కూడా అన్నిటికంటే పొడుగైన క్యూలో నిలబడేవారు, చివరన. సెల్ఫ్ చెకౌట్ ఖాళీగా ఉన్నా వెళ్లేవారు కాదు. నేను పాలు విరిగిపోతున్నట్టు మొహం పెట్టి పక్కన నిలబడేదాన్ని. ఆయన మాత్రం ముందున్న వాళ్ల మెడలు చూస్తూ హాయిగా ఉండేవారు. ఫ్లాస్క్ మూతలో టీ పోసుకుని తాగేవారు కూడా, నిలబడే.

మనవాడి మీద రాసిన చాప్టర్‌లో చివరి వాక్యం నాకు ఒకసారి చూపించారు. మనవాడు పిరికివాడని ఇంగ్లీషులో మర్యాదగా రాశారు. దాని పక్కనే మార్జిన్‌లో, తన తృప్తి కోసం కాబోలు, తెలుగులో "పిరికిపంద" అని రాసుకున్నారు. కింద రెండు గీతలు.

అట్లాంటి మనిషికి పరీక్ష వచ్చింది.

ఇండియా నుంచి బియ్యం ఎగుమతి ఆపేశారన్న వార్త ఒక వేసవి శుక్రవారం వాట్సాప్‌లో పడింది. శనివారం ఉదయానికల్లా మా జనానికి మతిపోయింది. మీరెవరైనా ఆ రోజు అమెరికాలో ఇండియన్ స్టోర్‌కి వెళ్లి ఉంటే నేను చెప్పక్కర్లేదు. రొట్టె తిని బతకగలిగినవాళ్లు, వారంలో నాలుగు రోజులు సలాడ్ తినేవాళ్లు, డాక్టరు అన్నం మానేయమన్నవాళ్లు, అందరూ సోనా మసూరి ర్యాకుల మీద పడ్డారు. పిల్లల్ని తెచ్చి బస్తాల మీద కూర్చోబెట్టారు, ఇంకెవరూ తీసుకోకుండా. ఇక గొప్పలు ఎందుకు, నేనూ నాలుగు బస్తాలు కొన్నాను. ఇంట్లో ఉండేది ఇద్దరం, అందులో ఒకరు ఎప్పుడూ ఊళ్లో ఉండరు.

ప్రొఫెసర్ గారు నా వ్యాన్ వెనక ఆ నాలుగు బస్తాలు చూశారు. "చివర్న నిలబడ్డావా?" అని మాత్రం అడిగారు. నాకు ఒళ్లు మండింది.

స్టోర్లలో మనిషికి ఒకటే అన్న బోర్డులు వెలిశాయి. ఆ తర్వాత నేనూ ఊహించనిది జరిగింది. ఆదివారం ఆరాధన అయిపోగానే మా కుటుంబాలు బేస్‌మెంట్ మెట్లు దిగడం మొదలుపెట్టాయి. బియ్యం తేవడానికి కాదు.

"మేం ఇచ్చినవేగా ప్రొఫెసర్ గారూ, ఒక రెండు తీసుకెళ్తాం. పరిస్థితి బాగుపడగానే మూడు తెచ్చి వేస్తాం" అన్నాడు సెక్రటరీ గారు. వెనకాల ఆయన భార్య చేతిలో కార్ తాళాలు ఆడిస్తూ నిలబడింది. వాళ్ల వెనక ఇంకో ఆరు కుటుంబాలు.

నా నోటికి ఏదో వచ్చింది. ప్రొఫెసర్ గారు చెయ్యెత్తి నన్ను ఆపారు. ఆయన కళ్లలో పెళ్లికొడుకు కళ. నలభై ఏళ్లుగా కాగితం మీద చూసినది మెట్లు దిగి ఆయన దగ్గరికే వచ్చింది మరి.

"తీసుకోండి. ఎన్ని కావాలంటే అన్ని. మూడు తెచ్చివ్వక్కర్లేదు, రెండే ఇవ్వండి" అని గది తలుపులు రెండూ తెరిచారు. నాతో మెల్లిగా, "చూడమ్మాయ్, వచ్చే వారానికి ఒక్కరూ రారు" అన్నారు.

ఆ సాయంత్రం అయ్యేసరికి నలభై బస్తాల గదిలో పద్నాలుగు మిగిలాయి. పోయినవాటిలో పిల్లలు తీసుకున్నవి మూడో నాలుగో. వ్యాన్‌లో వెనక్కి వస్తుంటే ఆయన మనవాడి ఊసెత్తలేదు. "పద్నాలుగేనా?" అని రెండుసార్లు అడిగారు.

ఆ వారమంతా గ్రూపులో ఒకటే హోరు. ఫలానా స్టోర్‌లో రేటు రెట్టింపట, ఫలానా ఓడ వెనక్కి తిరిగిందట. చర్చి గదిలో బియ్యం ఇస్తున్నారట అన్నది కూడా గ్రూపులో పడింది. ఎవరు పెట్టారో తెలీదు. నేను ఆయనకు చదివి వినిపించాను. వినిపించకుండా ఉండాల్సింది.

తర్వాతి ఆదివారం, ఆరాధనకు ఇంకా రెండు గంటలుందనగా ఫోన్ చేశారు. "అమ్మాయ్, బండి వెనక గుమ్మం దగ్గరికి తీసుకురా." వెళ్లేసరికి కోటు విప్పేసి, చొక్కా చేతులు మడిచి, పన్నెండు బస్తాలు మెట్ల పైకి ఎలా లాక్కొచ్చారో ఏమో, గుమ్మం దగ్గర పేర్చి నిలబడి ఉన్నారు. డెబ్బై దాటిన మనిషి. చెమటతో టై మెడకు అతుక్కుపోయింది.

"వీటిని మీ అపార్ట్‌మెంట్ కింది గరాజ్‌లో పెట్టు. పిల్లలకి ఉండాలి కదా. వీళ్లందరూ ఎత్తుకుపోతే పిల్లలేం తింటారు?"

నేను వ్యాన్ వెనక తలుపు ఎత్తాను. నిజం చెప్పాలంటే నాకు లోపల సంతోషంగా కూడా ఉంది, సెక్రటరీ గారి భార్యకు ఈసారి దొరకదు కదా అని. ఎండలో ఇద్దరం ఎక్కించాం. ఆ వేళప్పుడు చర్చి చుట్టూ ఎవరూ ఉండరనుకున్నాం. మనవాడూ, రైలూ నాకు అప్పుడు గుర్తుకు రాలేదు. ఆయనకు వచ్చే ఉంటుంది.

ఆరాధన అయ్యాక, గదిలో వదిలిన రెండు బస్తాలూ ఐదు నిమిషాల్లో పోయాయి. ఆయన తెల్లకాగితం మీద "బియ్యం అయిపోయాయి" అని రాసి తలుపుకు అంటించి, తాళం వేయబోతున్నారు. ఆ గదికి తాళం వేయడం నేను చూడటం అదే మొదటిసారి. సెక్రటరీ గారూ, భార్యా అక్కడే నిలబడి, అయ్యో అప్పుడే అయిపోయాయా, మన కోసం ఏమైనా పక్కన పెట్టారేమో అనుకున్నామండీ అంటున్నారు. అప్పుడు ఒక అమ్మాయి మెట్లు దిగి వచ్చింది.

ఆ అమ్మాయిని ఇద్దరం ఎరుగుదుం. ఎరుగుదుం అంటే, ముఖం. నెలకోసారి వచ్చేది, ఎప్పుడూ అందరూ వెళ్లాక, చివరన. వీపుకు కాలేజీ బ్యాగు. పుస్తకాలు తీసేసి అందులో బియ్యం పోసుకుని బస్సులో వెళ్లేది. పప్పుచారు చేసుకుంటానని చెప్పేది, ఎప్పుడడిగినా పప్పుచారే. ఆయన చివర నిలబడేవాళ్ల గురించి చెప్పిన సిద్ధాంతమంతా ఈ పిల్ల దగ్గర తప్పు. ఈమెకు చివర్న నిలబడినా ఉన్నది అవసరమే.

ఆమె కాగితం చదివింది. ఆయన వైపు చూసింది.

పన్నెండు బస్తాలు మూడు మైళ్ల దూరంలో నా గరాజ్‌లో ఉన్నాయి. దాచిందే ఇలాంటి పిల్ల కోసం. ఆగమ్మా, ఇంటికి తీసుకెళ్తాను అని నేను అనొచ్చు, ఆయన అనొచ్చు. కానీ సెక్రటరీ గారు మూరెడు దూరంలో ఉన్నాడు. ఆయన ముందు ఆ మాట అంటే సాయంత్రానికి గ్రూపులో పడుతుంది.

"అయిపోయాయమ్మా" అన్నారు ప్రొఫెసర్ గారు.

"పర్లేదు అంకుల్" అంది ఆ పిల్ల. ఖాళీ బ్యాగు మళ్లీ వీపుకు తగిలించుకుని మెట్లెక్కి వెళ్లిపోయింది. ఏం కూర వండుకుంటావని ఆ రోజు ఆయన అడగలేదు.

సెక్రటరీ దంపతులు కదిలేసరికి పది నిమిషాలు పట్టింది. మేం వ్యాన్ వేసుకుని బస్టాపుకు వెళ్లేసరికి బస్సు వెళ్లిపోయింది. రూట్ వన్ హైవే దాకా వెంటపడ్డాం. నేను హారన్ కూడా కొట్టాను, సిగ్గు లేకుండా. దొరకలేదు.

వెనక్కి వస్తూ ఆయన, "బంగారాన్ని రైలెక్కించింది జనం కోసమేనని మనవాడు ఉత్తరంలో రాసుకున్నాడు. అది చదివి నేను నవ్వాను" అన్నారు.

మరుసటి ఆదివారం కానుకల పాట అయ్యాక లేచి నిలబడ్డారు. పాస్టర్ గారు ప్రార్థన అనుకుని తల వంచారు. "పోయిన వారం గది ఖాళీ అని కాగితం పెట్టాను. ఖాళీ కాదు. పన్నెండు బస్తాలు నేనే దాచాను. మళ్లీ గదిలో పెట్టాను, కావలసినవాళ్లు తీసుకోవచ్చు. ఒక పిల్లకి అబద్ధం చెప్పాను. అది మాత్రం వెనక్కి పెట్టలేను." ఎప్పటిలాగే క్లుప్తంగా చెప్పి కూర్చున్నారు. సెక్రటరీ గారు, అబ్బే, మన మంచికే కదండీ చేశారు అని పెద్ద మనసు చేసుకున్నాడు.

ఆ రోజు ఎవరూ బస్తా ముట్టుకోలేదు. చూశారా, మీ సిద్ధాంతం గెలిచింది, ఉందని చూపిస్తే అడగలేదు అన్నాను నేను. ఆయన అడ్డంగా తలూపారు. "నిన్న స్టోర్‌లో కొత్త లోడ్ దిగిందటమ్మా, పాత రేటుకే. వీళ్లు నా మాట విని ఆగారో, లోడ్ చూసి ఆగారో ఎట్లా తెలుస్తుంది? పరీక్ష చెడిపోయింది."

నెల తిరిగేసరికి ఇంకో తమాషా. ఇళ్లలో పది పది బస్తాలు పేర్చుకున్నవాళ్లకు పురుగు భయం పట్టుకుంది. అందరూ బస్తాలు మోసుకొచ్చి మా గదిలో పడేశారు, పుణ్యానికి పుణ్యం. నావీ మూడు వచ్చాయి. ఆ ఏడు ఆ గదిలో అడుగు పెట్టడానికి చోటు లేనంత బియ్యం. ఆ పిల్ల మాత్రం రాలేదు.

పేరు తెలీదు. ఏ కాలేజీయో తెలీదు. ఎక్కడ దిగుతుందో తెలీదు. అడగకూడదన్నది ఆయన నియమమే కదా.

"గ్రూపులో పెడదాం అంకుల్. బ్యాగులో బియ్యం తీసుకెళ్లే అమ్మాయి అని రాస్తే ఎవరో ఒకరు చెప్తారు" అన్నాను.

"నాలుగు వందల మందిలో అది నేనేనని ఆ పిల్ల చేతులెత్తాలా? నా మనసు తేలికపడటానికా? వద్దు."

"మరి ఎలా దొరుకుతుంది?"

"వెతుకుదాం."

వెతకడం అంటే, ప్రతి ఆదివారం ఆరాధన అయ్యాక బస్టాపు ఎదురుగా నా వ్యాన్‌లో కూర్చోవడం. గంటకో బస్సు. రెండు బస్సులు చూసి ఇంటికి. వెనక సీట్లో ఒక సంచిలో పది పౌన్ల బియ్యం. రెండు నెలలకోసారి పురుగు పట్టకముందే మార్చేవాళ్లం. మంచు పడుతుంటే హీటర్ వేసుకుని, ఎండైతే అద్దాలు దించుకుని, ఫ్లాస్క్ మూతలో టీ పంచుకుని, దిగే ప్రతి పిల్ల ముఖం చూసేవాళ్లం. రెండేళ్లు. నాకు విసుగు రాలేదని చెప్పను. ఇంట్లో బట్టలు ఉతకాల్సినవి కొండలా ఉండేవి. "ఈపాటికి ఆ అమ్మాయికి ఉద్యోగం వచ్చి హాయిగా ఉండి ఉంటుంది, మీరే ఇక్కడ కుమిలిపోతున్నారు" అని ఒకసారి అరిచాను కూడా. ఆయన ఏమీ అనుకోలేదు. "ఉండి ఉంటే మంచిదే. బియ్యం ఉన్నాయని మాత్రం చెప్పాలి కదా. నువ్వు వచ్చినప్పుడు ఉన్నాయమ్మా, నాకే ధైర్యం లేకపోయింది అని. అంతే. రెండు నిమిషాల పని."

మనవాణ్ణి తిట్టడం మానేశారు. చాప్టర్ చివరి వాక్యంలో ఆ మాట కొట్టేసి ఉండటం ఒకరోజు చూశాను. మార్జిన్‌లో తెలుగు మాట కూడా రబ్బరుతో చెరిపేశారు. ఆ చోట ఇంకేమీ రాయలేదు.

"ఏం పెడతారు అక్కడ?"

"తెలీదమ్మాయ్. ఉత్తరాలు, రిపోర్టులు అన్నీ చదివాను. కిటికీ మూసే ముందు మనవాడు ఎవరికైనా తనే ఎదురుగా నిలబడి లేదని చెప్పాడా అన్నది ఎక్కడా దొరకలేదు. అది తెలిస్తే గాని ఆ మనిషి గురించి నేను రాయలేను."

తర్వాత మోకాళ్లు మొరాయించాయి, కూతురు వచ్చి బాతెల్ తీసుకెళ్లిపోయింది. వెళ్లే రోజు గది తాళం తీసి నా చేతిలో పెట్టారు. "దీన్ని ఎక్కడైనా పారెయ్. మళ్లీ వేయాలనిపిస్తుంది, ఎవరికైనా." పారేయలేదు, వంటింటి సొరుగులో పడేశాను. బాతెల్ నుంచి ఫోన్ చేస్తే వాన సంగతి చెప్పాక, ఆఖరున ఒకే ప్రశ్న. "ఆదివారం బస్టాపు దగ్గర ఎవరైనా?" ఎవరూ లేరు అంకుల్ అనేదాన్ని. ఆయన వెళ్లాక నేను ఆ బస్టాపు దగ్గర ఒక్క ఆదివారం కూడా ఆగలేదు. ఆ మాట ఆయనకు చెప్పలేదు.

చెప్పానుగా, మెసేజ్ వచ్చిందని. మర్నాడు ఆ అమ్మాయి ఫోన్ చేసింది. ఎక్కడో దక్షిణాన ఉన్న ఫ్రిస్కో నుంచి. పసిపాప ఏడుపు, కుక్కర్ విజిల్ వెనకాల వినిపిస్తున్నాయి. వరంగల్ వైపు మాట.

"అక్కా, నేను బ్యాగుల బియ్యం తీసుకపోయేదాన్ని. యాదికున్ననా?"

ఎక్కడున్నావు ఇన్నాళ్లూ అని అరిచాను. నేను అరవడం విని ఆమె కంగారుపడింది.

"గ్రూపులనే ఉన్న అక్కా. స్టూడెంటప్పుడు ఎవరో యాడ్ చేసిన్రు, ఎగ్జిట్ గాలే. అండ్ల మీ ఫొటో చూసి గుర్తుపట్టిన."

నాలుగు వందల మందిలో ఉంది. నేను పెడదామన్న ఆ గ్రూపులోనే. నాకు ఆయన మీద కోపం వచ్చింది, నా మీద ఇంకా ఎక్కువ వచ్చింది. గబగబా చెప్పేశాను. ఆ రోజు బియ్యం ఉన్నాయమ్మా, పన్నెండు బస్తాలు మా గరాజ్‌లో ఉన్నాయి, ఆయన నీకు అబద్ధం చెప్పారు, ఆ సంగతి నీకు చెప్పాలని రెండేళ్లు బస్టాపు దగ్గర కూర్చున్నాం, అని.

అవతల కుక్కర్ ఇంకోసారి కూసింది.

"నాకు ఎరికే అక్కా. ఆదివారం బస్సులు తక్కువ గద, ఆ దినం రెండు గంటల ముందే వచ్చిన. వెనకాల పిల్లల ఉయ్యాల కాడ కూసున్న. మీరిద్దరు వ్యాన్ల ఎక్కించుడు మొత్తం చూసిన."

"చూశావా? చూసి కూడా పర్లేదన్నావా?"

"తాళం పెట్టుకుంట ఆయన తలుపు దిక్కే చూస్తుంటే ఏమంటమక్కా? ఆ పక్కకు వాళ్లు నిలబడ్డరు. ఉన్నయి గద అంకుల్ అని నేనంటే ఆయన ఇజ్జత్ ఏంగావాలె? మా రూమ్మేట్ దగ్గర తీసుకుని ఎల్లదీసిన."

"మరి మళ్లీ ఎందుకు రాలేదు? నీ కోసం..."

"మల్ల వస్తే నా మొహం చూసి ఆయన తల దించుకోవాల్సొస్తదని రాలే."

ఆయన ఆమె పరువు కాపాడాలని గ్రూపులో పెట్టనివ్వలేదు. ఆమె ఆయన పరువు కాపాడాలని గది మెట్లు దిగలేదు. మధ్యలో నా వ్యాన్‌లో బియ్యం పన్నెండుసార్లు మారాయి. నాకు ఏడుపు ఆగలేదు. ఫోన్‌లో పేరు కూడా తెలియని మనిషి ముందు ఏడవడం నా జీవితంలో అదే మొదలు. ఆమె ఓపిగ్గా ఉంది.

కాసేపయ్యాక తనే అడిగింది. "పోయేటప్పుడు బాధపడ్డరా అక్కా?"

నిద్రలోనే పోయారని చెప్పాను. మంచిగైంది అంది. పొయ్యి మీద అన్నం ఉంది, ఫోన్ పెట్టేస్తానంది. పేరు అడగబోయి ఆగాను.

"ఏం కూర వండుతున్నావు?" అన్నాను.

అవతల నవ్వు వినిపించింది, ఆ వెంటనే ముక్కు ఎగబీల్చిన చప్పుడు. "పప్పుచారే అక్కా" అంది.